చిన్నపేగుకు వచ్చే బండి

మా మామయ్యతో పనిచేయడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ళకి కుర్చీ వేస్తాను. ఇది నిలబడి వినే సంగతి కాదు.

నాది రికార్డింగ్ పని. మా ఇంట్లో చివరి గదిని స్టూడియో చేసుకున్నాను. గోడలకి పాత పరుపులు, కిటికీకి రెండు మందపాటి దుప్పట్లు, మధ్యలో ఒక చెక్క గోడ, దానికో అద్దం. అద్దానికి అవతల మైకు, ఇవతల నేను. ఆ మైకు ఉందే, దోమ గొంతు సవరించుకున్నా పట్టేస్తుంది. అందుకే దాన్ని నా పిల్లలకంటే జాగ్రత్తగా చూసుకుంటానని మా ఆయన దెప్పుతుంటాడు. ఆయన దెప్పిపొడుపులు పట్టించుకునేంత తీరిక నాకు లేదు.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేశాడు. ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే ఆ గొంతు ఆయనదే. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళుండగానే స్టేషన్లో మిషన్ పెట్టారు. ఎవరో అమ్మాయి చేత మాటలన్నీ విడివిడిగా చదివించి, ముక్కలు అతికించి, బటన్ నొక్కితే పలికేలా చేశారు. మామయ్యని తీసుకెళ్ళి పార్సిల్ ఆఫీసులో ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి ఆయన రైలెక్కితే చెవుల్లో దూది పెట్టుకునే ఎక్కుతాడు. "దానికి ఊపిరి లేదమ్మాయ్! బండి పేరు ఒకచోట, ఊరి పేరు ఇంకోచోట. మధ్యలో మనిషి ఏడీ?" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట విని జాలిపడ్డాను. తర్వాత్తర్వాత మాత్రం ఆయన నోరు తెరవగానే వంటింట్లోకి పారిపోయేదాన్ని.

అలాంటిది, మా ఊరి సైన్సు మ్యూజియంలో పెద్ద పొట్ట కట్టారు. బొమ్మ కాదు, నడిచివెళ్ళే పొట్ట. నోట్లోంచి లోపలికి వెళ్ళి, గొంతు దిగి, జీర్ణాశయం దాటి, చిన్నపేగులో మలుపులు తిరిగి, పెద్దపేగు చివరిదాకా నడవచ్చు. చివర ఎక్కడినుంచి బయటికొస్తారో నన్నడక్కండి. అక్కడ గిఫ్టు షాపు పెట్టారు.

లోపల నడిచేవాళ్ళకి ఒక బ్రెడ్డు ముక్క ఎలా అరుగుతుందో చెప్పే గొంతు కావాలన్నారు. ఆ పని నాకొచ్చింది. మ్యూజియం మేడమ్ నేను పంపిన గొంతులన్నీ విని మామయ్య గొంతునే ఎంచుకుంది. నేను ఎగిరి గంతేశాను. "శుక్రవారం లోపు శుభ్రమైన రికార్డింగ్ ఇచ్చేయండి. ఏదన్నా తేడా వస్తే మా దగ్గర కంప్యూటర్ గొంతు రెడీగా ఉంది" అందామె. ఈ రెండో ముక్క నేను మామయ్యకి చెప్పకుండా ఉండాల్సింది. నా నోరు ఊరుకోదు కదా.

"కంప్యూటరా?" అన్నాడు మామయ్య. చేతిలో ఉన్న కాగితాలు టేబుల్ మీద పెట్టేశాడు. "అంటే మళ్ళీ మిషనేనా నా మీదికి?"

"అబ్బా, ఏదో మాటవరసకి అన్నదిలెండి."

"మాటవరసకి కాదమ్మా. ఒకసారి ఓడిపోయా. ఈసారి ఓడిపోతే నేనింక ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడను."

ఇంట్లో ఆయన గట్టిగా మాట్లాడకపోవడం మాకు వరమేనని మామూలు రోజుల్లో అయితే అనేసేదాన్ని. ఆ రోజు ఆయన మొహం చూసి అనలేకపోయాను.

సోమవారం ఉదయం మొదలుపెట్టాం. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చంకలో ఫ్లాస్కు పెట్టుకుని మైకు ముందు కూర్చున్నాడు. రికార్డింగ్‌కి ఇస్త్రీ చొక్కా ఎందుకని అడిగితే, గొంతుకి తెలుస్తుందన్నాడు. ఫ్లాస్కులో వేడి పాలు, తేనె. స్టేషన్లో పనిచేసినన్నాళ్ళూ మైకు పట్టుకునే ముందు గ్లాసుడు పాలు తాగందే నోరు తెరిచేవాడు కాదట.

"మనం తినే బ్రెడ్డులో పిండిపదార్థం ఉంటుంది" అని మొదలుపెట్టాడు. ఆహా, ఏం గొంతది! నా కళ్ళు మూసుకుపోయాయి. "ఈ పిండిపదార్థం వేల గ్లూకోజ్ అణువుల గొలుసు. దీన్ని మన నోటిలోని లాలాజలం..."

గుర్ర్ర్ర్... బుడుంగ్.

హెడ్‌ఫోన్స్‌లో ఎవరో బిందె బోర్లించినట్టు వినిపించింది. నేను ఆపాను. నీళ్ళ పైపు అనుకున్నాను. వెళ్ళి ఇంటి కుళాయిలన్నీ బిగించి వచ్చాను. మళ్ళీ మొదలుపెట్టాం. లాలాజలం దగ్గరికి రాగానే మళ్ళీ గుర్ర్ర్. ఈసారి ఫ్రిజ్ అనుకుని దాని ప్లగ్గు పీకేశాను. అందులో ఐసంతా కరిగి వంటింట్లో వరద పారింది. చప్పుడు మాత్రం పోలేదు. మామయ్య ప్రతిసారీ పాపం ఓపిగ్గా ఇంకో గ్లాసు పాలు పోసుకుని తాగి, "ఊఁ, కానియ్యమ్మా" అనేవాడు.

మధ్యాహ్నానికి నాకు ఒళ్ళు మండిపోయింది. మా పైఇంట్లో ఒక దర్జీ ఉంటాడు. ఖాయంగా అతని కుట్టుమిషనే అని మెట్లెక్కి వెళ్ళి తలుపు దబదబా బాదాను.

"ఏమయ్యా, ఒక్క రెండ్రోజులు ఆ మిషన్ ఆపుకోలేవా? కింద మేం పని చేసుకోవద్దా?"

దర్జీ నోట్లో దారం, చేతిలో చొక్కా పట్టుకుని తలుపు తీశాడు. "అమ్మా, నా మిషన్ రిపేరుకెళ్ళి రెండ్రోజులైంది. చేత్తో గుండీలు కుట్టుకుంటున్నా. సూది చప్పుడు కూడా వినబడుతోందా మీకు?"

సిగ్గుతో చచ్చి కిందికి దిగాను. అప్పటికి మామయ్య ఒక్కడే కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాడు. కదలొద్దు, మాట్లాడొద్దు అని చెప్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ చివరికంటా తిప్పాను.

గుర్ర్ర్ర్... కుయ్య్య్... బుడుంగ్.

మామయ్య తలెత్తి పైకప్పు వంక చూశాడు. "విన్నావా? వాడే, ఆ దర్జీగాడే" అన్నాడు. నేను మాత్రం ఆయన చొక్కా వంక చూస్తున్నాను. చప్పుడుతో పాటు నాలుగో గుండీ కూడా కదిలింది.

"మామయ్యా, అది మీ పొట్ట."

"నా పొట్టా? నా పొట్ట నా మాట వింటుంది. ఇన్నేళ్ళు స్టేషన్లో చేశా. ఒక్కరోజు కూడా ఎవరూ అనలేదు."

"అక్కడ బళ్ళ హోరులో పులి గాండ్రించినా వినబడదు. ఇది నా మైకు."

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "అయితే ఆకలై ఉంటుంది. ఖాళీ పొట్టే కదా అరిచేది" అని ఇంకో గ్లాసు పాలు తాగాడు. ఆ సాయంత్రం వరకూ మాకు ఒక్క వాక్యం కూడా శుభ్రంగా రాలేదు. నాకు ఏడుపు, కోపం కలిసికట్టుగా వచ్చాయి. ఆయనైతే రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. అదే నన్ను భయపెట్టింది.

మంగళవారం ఇంక ఇలా కాదని, మొదటి పేజీ వదిలేసి మధ్యలో పేజీ ఏదో ఒకటి చదవమన్నాను. ఆయన రెండో గ్లాసు పాలు ముగించి, మూతి తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు.

"పాలలో ఉండే చక్కెర రెండు చిన్న చక్కెరల జంట. ఆ జంటను విడగొట్టే ఎంజైము చిన్నపేగు గోడలో ఉంటుంది. చాలామందిలో వయసు పెరిగేకొద్దీ ఈ ఎంజైము తగ్గిపోతుంది. అప్పుడు పాలచక్కెర అరగకుండా నేరుగా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని తిని గాలి పుట్టిస్తుంది. దానివల్ల పొట్టలో..."

ఆగిపోయాడు. అద్దంలోంచి నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. ఆ నిశ్శబ్దంలో ఆయన పొట్ట, నిదానంగా, ఎక్కడా తడుముకోకుండా, పై నుంచి కిందికి ఒక పెద్ద రాగం తీసి మిగతా వాక్యం తనే పూర్తిచేసింది.

నేను టేబుల్ మీద పడి నవ్వాను. హెడ్‌ఫోన్స్ ఊడి కిందపడ్డాయి. మామయ్య మొదట మూతి బిగించుకున్నాడు, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత కుర్చీలోంచి జారి కింద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వినకొద్దీ పొట్ట ఇంకా అరిచింది. అది అరిచినకొద్దీ మేం ఇంకా నవ్వాం. చప్పుడు విని పైనుంచి దర్జీ దిగొచ్చాడు. సంగతి చెబితే నమ్మక, స్వయంగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "నా మిషన్ ఇంకా నయం, నూనె వేస్తే ఊరుకుంటుంది" అన్నాడు. దాంతో మళ్ళీ మొదలు.

నవ్వు తగ్గాక ఫ్లాస్కు లాక్కున్నాను. మామయ్య దానికోసం చెయ్యి చాపాడు.

"పాలు లేకపోతే నాకు గొంతు లేవదమ్మా."

"లేస్తుంది. ఇదిగో, ఈ కాగితంలోనే ఉంది. బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా నమలండి. నోరు తడి ఉంటుంది, గొంతుకి అదే చాలు."

ఉత్త బ్రెడ్డు ఇచ్చాను. నమిలాడు. నమిలాడు. నమిలి నమిలి ఒక్కసారి కళ్ళు పెద్దవి చేశాడు. "చక్కెర వేశావా దీంట్లో?"

"లేదు. మీ లాలాజలమే ఆ గొలుసులు తెంపి తీపి చేస్తోంది. నిన్నట్నుంచి మీరు చదువుతున్నది అదే కదా!"

"నేను చదువుతున్నానుగానీ వింటున్నానా?" అన్నాడు. ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు. చిన్నపిల్లాడిలా తీపి వచ్చినప్పుడల్లా వేలెత్తి చూపిస్తూ కూర్చున్నాడు.

బుధవారానికి ఆయన పొట్ట బుద్ధిగా పడుకుంది. రికార్డింగ్ శుభ్రంగా వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఒక్క చప్పుడు లేదు. వెంటనే మేడమ్‌కి పంపేశాను. కానీ నిజం చెప్పొద్దూ, పంపేటప్పుడే నాకెక్కడో పీకింది. మిషన్‌కి ఓడిపోకూడదనే భయంతో ఆయన ఎక్కడా తడబడకుండా, ఎక్కడా ఊపిరి వినబడకుండా చదివాడు. అంటే అచ్చం మిషన్‌లాగే చదివాడు.

మర్నాడు మేడమ్ ఫోన్ చేయకుండా స్వయంగా ఇంటికొచ్చింది. మంచివాళ్ళు చెడ్డకబురు చెప్పేటప్పుడే ఇలా వస్తారు. మామయ్య అద్దానికి అవతల వైర్లు చుట్టి పెడుతున్నాడు. ఆమెని ఇవతల కుర్చీలో కూర్చోబెట్టాను.

"తప్పు లేదండీ. శుభ్రంగా ఉంది" అంది మేడమ్ గొంతు తగ్గించి. "కానీ మా పిల్లలకి వినిపించి చూశాం. మా చిన్నది నా ఒళ్ళోనే నిద్రపోయింది. మీరేమీ అనుకోకండి. దీనికీ కంప్యూటర్ గొంతుకీ నాకు తేడా కనబడలేదు. అలాంటప్పుడు కంప్యూటరే నయం కదా, కావాలంటే మాటలు మార్చుకోవచ్చు."

"తేడా లేదా?" నా గొంతు లేచింది. "మీకు చెవులున్నాయా అసలు? ఆయన గొంతు విని జనం గబగబా కాళ్ళు కదిపిన రోజులున్నాయి. మీరు రాసిచ్చిన కాగితం అలా ఉంది. అది చదివితే ఎవరికైనా నిద్రే వస్తుంది. నాకూ వచ్చింది!"

ఆమె నోరు తెరిచేలోపు నా చూపు టేబుల్ మీద పడింది. అవతలి గదితో మాట్లాడడానికి నొక్కే బటన్ నొక్కి ఉంది. దాని ఎర్ర దీపం వెలుగుతోంది. మేం అన్న ప్రతి మాటా అవతల స్పీకర్లో వినబడింది. నా ప్రాణం పోయినంత పనైంది. మామయ్య చేతిలో వైరు అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తర్వాత ఆ వైరు కింద పెట్టి, మెల్లగా వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. కాగితాలు తీసుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"దయచేసి వినండి" అన్నాడు. స్టేషన్లో పలికిన ఆ గొంతే. "నోటి నుంచి బయలుదేరి, గొంతు, జీర్ణాశయం మీదుగా చిన్నపేగు వరకు పోవు బ్రెడ్డు బండి మరికొద్ది సేపట్లో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఈ బండికి వేల బోగీలు కలవు. అన్నియు గ్లూకోజ్ బోగీలే. లాలాజలం సిబ్బంది వెంటనే వచ్చి కొక్కేలు విప్పడం మొదలుపెట్టవలెను. ప్రయాణికులు తొందరపడి మింగరాదు. బాగా నమిలిన వారికి తీపి ఉచితం."

మేడమ్ నా వంక చూసింది. నేను ఆమె వంక చూడలేదు. చూస్తే నవ్వేస్తాను.

"జీర్ణాశయం స్టేషన్‌లో యాసిడ్ ఎక్కువగా ఉన్నందున లాలాజలం సిబ్బంది పని చేయలేకపోతున్నారు. కొక్కేల పని తాత్కాలికముగా నిలిపివేయడమైనది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. చిన్నపేగులో క్లోమం నుంచి కొత్త సిబ్బంది ఎక్కుదురు. బోగీలన్నీ విడివిడిగా మాత్రమే గోడలోని గేటు దాటి రక్తంలోకి పోవలెను. జంటగా అనుమతి లేదు. కొత్త దంపతులైనా సరే, చేతులు వదలవలసినదే! గేటు దాటినవారు ముందుగా కాలేయం జంక్షన్‌లో దిగి, అక్కడినుంచి కాళ్ళకు, చేతులకు, మెదడుకు బండి మారవలెను."

మేడమ్ భుజాలు అదరడం మొదలైంది.

"పీచు ప్రయాణికులకు ముఖ్య గమనిక. మీ కొక్కెం విప్పు పనివాడు మనిషి ఒంట్లో లేడు. మీరు దిగనక్కరలేదు. కిటికీలోంచి చూసుకుంటూ పెద్దపేగు వరకు హాయిగా రండి. అక్కడ బ్యాక్టీరియా బంధుమిత్రులు మిమ్ములను భోంచేయుటకు ఎదురుచూస్తున్నారు. ఇక పాలచక్కెర బండి. దీని సిబ్బంది వయసు మీరి సెలవులో ఉన్నందున ఈ బండి ఎక్కడా ఆగక చివరి స్టేషన్‌కు వచ్చును. అచట వినబడు శబ్దములకు పైఇంటి దర్జీ ఎంతమాత్రమూ బాధ్యుడు కాడు!"

మేడమ్ కుర్చీలోంచి జారిపోయింది. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇదీ! ఇదీ నాకు కావాల్సింది! ఇదే ఇచ్చేయండి" అంది.

నేను కంప్యూటర్ వంక చూశాను. రికార్డు బటన్ నొక్కలేదు. ఎవరు నొక్కుతారు? నేను నవ్వాపుకోవడంలో ఉన్నాను.

"పర్లేదు, మళ్ళీ చెప్తారు" అన్నాను. రికార్డు చేసేముందు ఒకసారి సరిచూసుకుందామని మామయ్య మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు దగ్గర రద్దీ పెరిగింది, జీర్ణాశయంలో బండి ఆలస్యమైంది, కాలేయం జంక్షన్‌లో కొందరు గ్లూకోజ్‌లు రేపటికని గోడౌన్‌లో దాక్కున్నారు. మొదటిదానికంటే ఇంకా బాగుంది. మేడమ్ చప్పట్లు కొట్టింది. మామయ్య మాత్రం కుర్చీలోంచి లేచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"రికార్డు చేయొద్దమ్మా" అన్నాడు.

"అదేంటి మామయ్యా!"

"రికార్డు చేస్తే రేపట్నుంచి అదే మాట, అదే నవ్వు, అదే ఊపిరి. అప్పుడు నేనూ మిషన్నే కదా? మేడమ్‌గారూ, ఆ పొట్టలో ఎక్కడో ఒక మూల నాకో కుర్చీ, ఒక మైకు పెట్టండి. రోజూ వచ్చి నేనే చెప్తాను. వచ్చినవాళ్ళని బట్టి చెప్తాను."

మేడమ్ ఆలోచనలో పడింది. నాకు మాత్రం అప్పుడు తట్టింది. రికార్డింగ్ లేకపోతే నా పని లేదు. ఆ పని చూపించి ఇంకో నాలుగు పనులు తెచ్చుకుందామనుకున్నాను. నోటి దగ్గర కూడు లాగేసినట్టయింది. నా మొహంలో అదంతా కనబడిందేమో, మామయ్య మొహం కూడా మారిపోయింది.

"అయ్యో, నీ సంగతే మర్చిపోయాను" అన్నాడు. "వద్దులే అమ్మాయ్. ఇప్పుడే కూర్చుంటా. రికార్డు చేసుకో. నువ్వెలా అంటే అలాగే."

అలా అని నిజంగానే వెళ్ళి మైకు ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను బటన్ నొక్కడం కోసం ఎదురుచూశాడు. పార్సిల్ ఆఫీసు కుర్చీలో కూడా ఇలాగే కూర్చుని ఉంటాడనిపించింది. నా వేలు బటన్ మీదే ఉంది. నాకు ఆయన మీద కోపం, నా మీద కోపం, ఊళ్ళో ఉన్న మిషన్లన్నిటి మీదా కోపం వచ్చాయి.

"మేడమ్" అన్నాను, "రికార్డింగ్ లేదు. ఆయన వస్తారు. కానీ మీ డబ్బా మైకు పెట్టి ఆయన గొంతు పాడుచేస్తానంటే నేనొప్పుకోను. ఈ మైకు తెచ్చి నేనే బిగిస్తాను."

మామయ్యకి అవతల అంతా వినబడింది. తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను వంటింట్లోకెళ్ళి అందరికీ టీ పెట్టాను.

పొట్ట తెరిచిన రోజు జనం విరగబడ్డారు. అపెండిక్స్ వెనక మామయ్యకి చిన్న గది ఇచ్చారు. నడిచేవాళ్ళ మాటలు ఆయనకి వినబడేలా పేగుల్లో అక్కడక్కడా మైకులు కూడా బిగించాను. ఎందుకంటే ఆయనే అడిగాడు. ఆయన గొంతు వినగానే పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తారు. కొక్కేలు విప్పమంటే పట్టుకున్న చేతులు వదిలేశారు, గేటు దాటమంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. నేను వాళ్ళ వెనకే నడుస్తున్నాను. చిన్నపేగు నాలుగో మలుపు దగ్గర ఒక బుల్లి పిల్ల వెనకబడిపోయింది. ముందు ఎవరూ లేరు, వెనక నేను ఒక్కదాన్నే. ఆ పిల్ల నన్ను చూడలేదు. పైనున్న స్పీకర్ వంక మెడ ఎత్తి చూసి, "తాతా, నేను వెనకబడిపోయాను. బండి వెళ్ళిపోతుందా?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో మామయ్య చెప్పింది విని పరుగెత్తినవాళ్ళేగానీ, తిరిగి ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. అడిగినా ఆయనకి వినబడే దారి లేదు. ఆయన ఊపిరి పీల్చుకోవడం స్పీకర్లో నాకు స్పష్టంగా వినబడింది.

"వెళ్ళదు తల్లీ" అన్నాడు మామయ్య. "నువ్వు వచ్చేదాకా ఆపుతాను. మెల్లగా రా."